ఆలోచించేది ఎవరు?

విద్యార్థులారా! ఈ పేరా చివరికి రాగానే పుస్తకం మీది నుంచి కళ్ళు తీసి, ఒక్క అర నిమిషం ఊరికే కూర్చోండి. ఏమీ చేయవద్దు. తర్వాత మళ్ళీ చదవడం మొదలుపెట్టండి.

కూర్చున్నారా? ఏమయింది? "ఏమీ కాలేదు" అనకండి. ఆ అర నిమిషంలో మీ మనసులో ఏదో ఒకటి నడిచే ఉంటుంది. "ఈ మాస్టారు ఎందుకు కూర్చోమన్నారు?" అనో, "సాయంత్రం ట్యూషన్ ఉంది" అనో, "ఆకలి వేస్తోంది" అనో ఒక మాట లోపల వినిపించి ఉంటుంది. నోరు కదలలేదు. గాలిలో శబ్ద తరంగాలు పుట్టలేదు. చెవిలో కర్ణభేరి కంపించలేదు. అయినా మాట వినిపించింది!

మాట్లాడింది ఎవరు? విన్నది ఎవరు? "రెండూ నేనే" అంటారు మీరు. సరే, ఆ "నేను" ఎవరు?

"నా పుస్తకం" అన్నట్టే మనం "నా చెయ్యి" అంటాం. "నా మెదడు", "నా మనసు" అని కూడా అంటాం. పుస్తకానికి సొంతదారు పుస్తకం కాదు, వేరే ఉన్నాడు. మరి మెదడుకీ మనసుకీ సొంతదారు ఎవరు? అతడు ఎక్కడ కూర్చుని ఉన్నాడు?

ఈ ప్రశ్న వేదాంతులకే కాదు, విజ్ఞాన శాస్త్రానికి కూడా సంబంధించినదే. దీన్ని ఎలా పరీక్షించాలో ఇప్పుడు చూద్దాం. మీకు కావలసిన పరికరాలు ఒక గడియారం, ఒక పెన్సిలు, కాగితం, ఒక శనగగింజ. అంతే.

మూడు మాటలు

ముందుగా మూడు మాటలను విడివిడిగా తెలుసుకోవాలి. మీరు వీధిలో నడిచి పోతున్నారనుకోండి. "రేపు లెక్కల పరీక్ష" అని తోచింది. అది ఆలోచన. అలా తోచిందని మీకు తెలిసింది. ఆ తెలియడమే ఎరుక. "పరీక్ష రాయవలసింది నేను, ఈ భయం నాది" అనిపించింది. అది "నేను" అనే భావం.

ఈ మూడూ ఇంచుమించు ఒక్కసారే జరుగుతాయి. అందువల్ల మనకు ఒకటే అన్నట్టు కనిపిస్తాయి. తెల్లని వెలుతురు ఒకటే రంగు అనుకుంటాం. పట్టకం గుండా పంపితే గాని దానిలో ఇన్ని రంగులున్నాయని తెలియదు. మనం ఈ వ్యాసంలో చేయబోయే ప్రయోగాలు అటువంటి పట్టకాలే.

పాత ప్రశ్న, రెండు దారులు

"నేను ఎవరు?" అన్నది ఎంతో పాత ప్రశ్న. మన దేశంలో ఉపనిషత్తుల కాలం నాటికే దీని మీద చర్చలు జరిగాయి. శాశ్వతమైన ఆత్మ ఒకటి ఉన్నదని ఒక పక్షం వాదించింది. బుద్ధుడు అటువంటిది లేదన్నాడు. ఐరోపాలో ఫ్రాన్సు దేశస్థుడైన డెకార్ట్ 1637లో ఒక తర్కం చెప్పాడు. దేనినైనా అనుమానించవచ్చు గాని, అనుమానిస్తున్న వాడు ఒకడు ఉన్నాడన్న సంగతిని అనుమానించలేము అన్నాడు. సుమారు నూరేళ్ళ తర్వాత, 1739లో, స్కాట్లండుకు చెందిన హ్యూమ్ దానికి అడ్డు తగిలాడు. నేను లోపలికి ఎంత తొంగి చూసినా చలీ వేడీ, ప్రేమా ద్వేషం వంటి అనుభవాలే దొరుకుతున్నాయి గాని, వాటిని అనుభవించే "నేను" విడిగా ఎక్కడా దొరకడం లేదు అన్నాడు.

1879వ సంవత్సరాన్ని గుర్తు పెట్టుకోండి. ఈ ప్రశ్నకు సంబంధించిన రెండు దారులు ఆ ఏడే మొదలయ్యాయి. ఆ ఏడాది జర్మనీలోని లైప్‌జిగ్ విశ్వవిద్యాలయంలో విల్‌హెల్మ్ వుంట్ మనసును పరిశీలించడానికి ఒక ప్రయోగశాల తెరిచాడు. అదే ఏడాది డిసెంబరు 30న తమిళదేశంలోని తిరుచ్చుళిలో ఒక బాలుడు పుట్టాడు. అతడికి పదహారేళ్ళ వయసులో, 1896లో, మధురైలో బడికి పోతున్న రోజుల్లో, ఉన్నట్టుండి చావు భయం పట్టుకుంది. అతడు పారిపోలేదు. శవంలా నేల మీద పడుకుని, "ఈ శరీరం చస్తే నేను కూడా చస్తానా? అసలు నేనంటే ఏది?" అని లోపలికి చూడడం మొదలుపెట్టాడు. అతడే తర్వాత అరుణాచలంలో స్థిరపడిన రమణ మహర్షి. ఆయనకు ఆ పేరు పెట్టినది మన తెలుగువాడైన కావ్యకంఠ గణపతి ముని. 1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి కూడా తన ఆలోచనలను తానే గమనించమని బడిపిల్లలకు జీవితాంతం చెబుతూ వచ్చారు.

వారిది ఆత్మవిచార మార్గం. దాని లక్ష్యం శాంతి, ముక్తి. ప్రయోగశాలది వేరే మార్గం. ఒకరు చూసినదాన్ని మరొకరు సరిచూడాలన్నది దాని నియమం. మనం ఆ రెండో దారిన పోదాం.

లోపలి చూపులో చిక్కు

వుంట్ తన శిష్యులకు బాగా తర్ఫీదు ఇచ్చి, ఒక లయతో టక్ టక్ మనే మెట్రోనోమ్ శబ్దాన్ని వినిపించి, విన్నప్పుడు లోపల ఏమి జరిగిందో చెప్పమనేవాడు. దీనికి అంతఃపరిశీలన అని పేరు. చూడడానికి ఇది చాలా సులువైన పని. మన మనసు కంటే మనకు దగ్గరగా ఉన్నది ఏముంది?

కాని త్వరలోనే తగాదా వచ్చింది. జర్మనీలోనే వుర్జ్‌బర్గ్ పట్టణంలో కొందరు 1901 ప్రాంతంలో ఒక చిన్న ప్రయోగం చేశారు. మనుషుల చేతికి రెండు బరువులిచ్చి, ఏది ఎక్కువ బరువో చెప్పమన్నారు. అందరూ చెప్పారు. "ఎలా నిర్ణయించారు? లోపల ఏమి జరిగింది?" అని అడిగితే మాత్రం చెప్పడానికి ఏమీ దొరకలేదు. జవాబు వచ్చింది, అంతే!

మీరూ చూడండి. 7కి 8 కలిపితే ఎంత? పదిహేను. ఎలా వచ్చింది? లోపల ఎవరైనా వేళ్ళు లెక్క పెట్టారా? లేదు. "పదిహేను" అన్నది తయారై వచ్చి నిలబడింది. వంట ఎక్కడ జరిగిందో తెలియదు, విస్తరిలో వడ్డించినప్పుడే మనకు తెలిసింది.

అమెరికాలో వుంట్ శిష్యుడు టిచెనర్ దీనిని ఒప్పుకోలేదు. ప్రతి ఆలోచన వెంట ఏదో ఒక బొమ్మ, శబ్దం, స్పర్శ ఉండి తీరుతుంది, మీరు సరిగా చూడలేదు అన్నాడు. వుర్జ్‌బర్గ్ వాళ్ళు, లేదు, మేము సరిగానే చూశాం అన్నారు. ఎవరిది సరి? సూక్ష్మదర్శినిలో ఉల్లిపొర కణం మీకొక రకంగా, మీ స్నేహితుడికి మరొక రకంగా కనిపిస్తే, మూడో వాడిని పిలిచి చూపించవచ్చు. మనసు అనే సూక్ష్మదర్శినికి కన్ను పెట్టే చోటు ఒక్కటే. అక్కడ రెండో వాడికి చోటు లేదు. పైగా చూడబోతేనే అది మారిపోతుంది. బాగా కోపం వచ్చినప్పుడు "నాకు కోపం వచ్చింది, ఎలా ఉందో చూద్దాం" అనుకోండి. చూడడం మొదలుపెట్టగానే ఆ కోపం మొదటి కోపంలా ఉండదు.

విసిగిపోయి 1913లో అమెరికాలో వాట్సన్ అనే శాస్త్రజ్ఞుడు, మనసు సంగతి వదిలేయండి, మనిషి పైకి ఏమి చేస్తున్నాడో అది మాత్రమే కొలవండి అన్నాడు. సుమారు యాభై ఏళ్ళ పాటు అమెరికాలో చాలామంది ఆ మాటే విన్నారు. తర్వాత శాస్త్రజ్ఞులు ఒక మధ్యేమార్గం పట్టారు. న్యాయస్థానంలో సాక్షి చెప్పినదంతా నిజమని రాసుకోరు. అలాగని సాక్షిని బయటికీ పంపరు. అతడి మాటను మిగిలిన ఆధారాలతో పోల్చి చూస్తారు. మనసు తన గురించి తాను చెప్పేది కూడా అటువంటి సాక్ష్యమే. దాన్ని వినాలి, సరిచూడాలి. ఇక మన ప్రయోగాలు మొదలుపెడదాం.

మొదటి ప్రయోగం: పిలవని చుట్టాలు

గడియారం ఎదురుగా పెట్టుకుని, ఐదు నిమిషాల పాటు కళ్ళు మూసుకుని కూర్చోండి. సమయం కాగానే చెప్పమని ఇంట్లో ఎవరినైనా అడగండి. మీ ఊపిరిని ఒకటి నుంచి పది వరకు లెక్క పెట్టండి. మళ్ళీ ఒకటి నుంచి మొదలు. మనసు వేరే చోటికి పోయిందని తెలిసిన ప్రతిసారీ, కళ్ళు తెరవకుండానే కాగితం మీద పెన్సిలుతో ఒక చుక్క పెట్టి, మళ్ళీ ఒకటి దగ్గర మొదలుపెట్టండి.

తరగతిలో ఇది చేయించినప్పుడల్లా పిల్లలు ఒకటే అంటారు: "మాస్టారూ, ఐదు నిమిషాలేనా? అరగంట అనిపించింది!" పది వరకు ఒక్కసారి కూడా చేరని వారు ప్రతి తరగతిలోనూ ఉంటారు. మీ కాగితం చుక్కలతో నిండిపోతే సిగ్గుపడకండి. మనిషి మనసు పని చేసే తీరే అది. అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయం వారు సుమారు 2,250 మందికి రోజులో ఎప్పుడు పడితే అప్పుడు ఫోను ద్వారా కబురు పంపి, "ఇప్పుడు మీ మనసు చేస్తున్న పని మీద ఉందా?" అని అడిగారు. దాదాపు 47 శాతం సార్లు "లేదు, వేరే చోట ఉంది" అన్న జవాబే వచ్చింది. 2010లో ఈ ఫలితం ప్రకటించారు. అంతకు ముందు 2001లో రేకిల్ అనే శాస్త్రజ్ఞుడు మరొక వింత చూపించాడు. మనం ఏ పనీ చేయకుండా ఊరికే ఉన్నప్పుడు మెదడులోని కొన్ని భాగాలు తగ్గడానికి బదులు ఇంకా చురుకుగా పని చేస్తాయి. పాత జ్ఞాపకాలు, రేపటి ఊహలు, "నా గురించి వాళ్ళు ఏమనుకుంటున్నారో" వంటి తలపులు నడిచేటప్పుడు కూడా ముఖ్యంగా ఈ భాగాలే పని చేస్తాయని ఇప్పుడు తెలిసింది.

ఈ ప్రయోగం వల్ల రెండు సంగతులు తేలుతాయి. మొదటిది, ఆలోచనలు చాలావరకు పిలవని చుట్టాలు. అనుమానం ఉంటే, వచ్చే నిమిషంలో మీకు రాబోయే ఆలోచన ఏదో ఇప్పుడే కాగితం మీద రాయండి చూద్దాం! రెండవది ఇంకా ముఖ్యం. మనసు తప్పిపోయిన క్షణంలో అది మీకు తెలియలేదు. నాలుగైదు సెకన్లో, అర నిమిషమో గడిచాక "అరె, ఎక్కడికో పోయానే" అని తెలిసింది. అంటే ఆలోచన నడుస్తున్నా దాని మీద ఎరుక లేకుండా ఉండవచ్చు. ఒకటే అనుకున్నవి రెండని ఇక్కడ తేలిపోయింది.

కారణాలు రాసే గుమాస్తా

ఇప్పుడు ఇంకా ఆశ్చర్యకరమైన చోటికి పోదాం. "నువ్వు ఈ పని ఎందుకు చేశావు?" అని అడిగితే మనం వెంటనే కారణం చెబుతాం. ఆ కారణం మనకు నిజంగా తెలుసా?

1977లో నిస్‌బెట్, విల్సన్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రజ్ఞులు ఒక ప్రయోగాన్ని ప్రకటించారు. ఒక దుకాణంలో బల్ల మీద నాలుగు జతల నైలాన్ మేజోళ్ళు వరుసగా పెట్టి, వీటిలో ఏది మేలైనదో చెప్పమని వచ్చినవారిని అడిగారు. నిజానికి నాలుగూ ఒకే రకం. ఎక్కువమంది కుడివైపు చివర ఉన్న జతను ఎంచుకున్నారు. ఎడమ చివరి జతతో పోలిస్తే దాదాపు నాలుగు రెట్ల మంది! ఎందుకని అడిగితే నేత బాగుందన్నారు, పలచగా ఉందన్నారు. అది ఉన్న చోటును బట్టి ఎంచుకున్నామని ఒక్కరూ అనలేదు. "చోటు వల్ల ఏమైనా తేడా వచ్చిందా?" అని సూటిగా అడిగినా దాదాపు అందరూ లేదన్నారు. వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు సుమా. వాళ్ళకి నిజంగానే అలా అనిపించింది.

2005లో స్వీడన్‌లో యోహన్సన్, హాల్ అనే వారు మరో అడుగు ముందుకు వేశారు. రెండు ముఖాల ఫొటోలు చూపించి, ఏది అందంగా ఉందని అడిగేవారు. ఎంచుకున్న తర్వాత గారడీవాడిలా చేతివాటంతో ఫొటో మార్చేసి, వద్దన్న ఫొటోనే చేతికిచ్చి, "ఇది ఎందుకు నచ్చింది?" అని అడిగేవారు. చాలాసార్లు మార్పును కనిపెట్టలేకపోయారు. పైగా కారణాలు కూడా చెప్పారు. చెవిపోగులు నచ్చాయని చెప్పిన వారున్నారు. వాళ్ళు మొదట ఎంచుకున్న ముఖానికి చెవిపోగులే లేవు!

దీని వెనుక మెదడులో ఏమి జరుగుతుందో కొంత చూపించింది మరొక పరిశోధన. మన మెదడు రెండు సగాలుగా ఉంటుంది. వాటి మధ్య కార్పస్ కల్లోజం అనే వంతెన ఉంది. దానిలో సుమారు 20 కోట్ల నాడీ తంతువులున్నాయి. మూర్ఛ వ్యాధి మరీ తీవ్రంగా ఉన్న కొందరు రోగులకు వైద్యులు ఈ వంతెనను కోసేవారు. మూర్ఛ తగ్గేది. పైకి మనిషి మామూలుగానే ఉండేవాడు. ఇటువంటి వారిని పరిశీలించిన రోజర్ స్పెరీకి 1981లో నోబెల్ బహుమతి వచ్చింది.

స్పెరీ శిష్యుడు గజానిగా 1970లలో చేసిన ఒక పరీక్ష చూడండి. చూపు సరిగ్గా ఎదుట నిలిపినప్పుడు, ఎడమ పక్కన కనిపించేది మెదడు కుడి సగానికి, కుడి పక్కన కనిపించేది ఎడమ సగానికి పోతుంది. ఎడమ చేతిని కుడి సగం, కుడి చేతిని ఎడమ సగం నడుపుతాయి. మాట్లాడే శక్తి చాలామందిలో ఎడమ సగానిది. వంతెన కోసిన ఒక రోగికి ఎడమ సగానికి మాత్రం కోడికాలు బొమ్మ, కుడి సగానికి మాత్రం మంచు కప్పిన ఇంటి బొమ్మ చూపించారు. తర్వాత కొన్ని బొమ్మలు ముందు పెట్టి, చూసినదానికి సంబంధించినవి ఎంచుకోమన్నారు. కుడి చెయ్యి కోడిని ఎంచుకుంది. ఎడమ చెయ్యి మంచు ఎత్తే పారను ఎంచుకుంది. రెండూ సరే. "పార ఎందుకు?" అని అడిగారు. జవాబు చెప్పవలసింది ఎడమ సగం. మంచు సంగతి దానికి తెలియదు. "తెలియదు" అనాలి కదా? అనలేదు. కోళ్ళ గూడు శుభ్రం చేయడానికి పార కావాలి అని తడుముకోకుండా చెప్పాడు!

దీనిని బట్టి గజానిగా ఇలా ఊహించాడు. మనందరి ఎడమ మెదడులోనూ, జరిగినవాటికి కారణాలు అల్లే ఒక ఏర్పాటు ఉంది. దాన్ని మనం ఒక గుమాస్తా అనుకుందాం. లోపలి గదుల్లో జరిగే పనులన్నీ ఈ గుమాస్తాకి తెలియవు. తన బల్ల మీదికి వచ్చిన కాగితాలను బట్టి పద్దు పూర్తి చేస్తాడు. ఖాళీ గడి మాత్రం వదలడు. మనం "నేను" అని పిలుచుకునే దానిలో ఈ గుమాస్తా గొంతుక చాలా ఉంది.

రెండవ ప్రయోగం: నా శరీరం ఎంతవరకు?

మాటల "నేను" సంగతి ఇలా ఉంటే, శరీరపు "నేను" అయినా గట్టిదేనా? మీ చూపుడు వేలి మీదికి మధ్యవేలిని మెలివేయండి. కళ్ళు మూసుకుని, మెలివేసిన రెండు వేళ్ళ కొసల మధ్య శనగగింజను ఉంచి బల్ల మీద మెల్లగా దొర్లించండి. చాలామందికి రెండు గింజలున్నట్టు తోస్తుంది. అరిస్టాటిల్ కాలం నుంచి ఇది తెలిసిన సంగతే. వేళ్ళు మామూలుగా ఉన్నప్పుడు వాటి బయటి పక్కలను ఒక్కసారే తాకాలంటే రెండు వస్తువులు కావాలి. మెదడు ఆ పాత పటాన్నే నమ్ముకుని ఉంది.

1998లో బాట్వినిక్, కోహెన్ అనే ఇద్దరు చేసిన ప్రయోగం ఇంకా వింతైనది. ఒక మనిషి చేతిని అట్ట చాటున దాచి, అతడి ఎదుట రబ్బరు చేతిని పెట్టారు. అసలు చేతినీ రబ్బరు చేతినీ రెండు కుంచెలతో ఒకే సమయంలో నిమిరారు. అతడు రబ్బరు చేతినే చూస్తున్నాడు. కాసేపటికి ఆ స్పర్శ రబ్బరు చేతి మీదే తెలుస్తున్నట్టు, అది తన చెయ్యే అన్నట్టు అనిపించింది! రెండు కుంచెల వేళ తప్పిస్తే ఆ భావన పలచబడిపోతుంది. రబ్బరు తొడుగులో దూది కూరి మీరు బడిలో దీన్ని చేసి చూడవచ్చు. "ఇది నా చెయ్యి" అన్నది పుట్టుకతో వేసిన ముద్ర కాదన్నమాట. చూపు, స్పర్శ, కండరాల నుంచి వచ్చే వార్తలను సరిచూసుకుంటూ మెదడు క్షణక్షణం చేస్తున్న తీర్మానం అది.

అద్దంలో "నేను" కూడా నేర్చుకున్నదే. మీ ఇంట్లో ఏడాది పాప ఉంటే, తనకు తెలియకుండా ముక్కు మీద కాటుక చుక్క పెట్టి అద్దం ముందు కూర్చోబెట్టండి. అద్దంలోని పాపను చూసి నవ్వుతుంది, తాకబోతుంది. అదే పాప రెండేళ్ళకు దగ్గర పడినప్పుడు మళ్ళీ చేయండి. చెయ్యి తిన్నగా తన ముక్కు మీదికే పోవచ్చు. 1972లో బ్యూలా ఆమ్‌స్టర్‌డామ్ అనే పరిశోధకురాలు ఈ పరీక్ష ఫలితాలు ప్రకటించింది. అంతకు రెండేళ్ళ ముందు గాలప్ అనే శాస్త్రజ్ఞుడు చింపాంజీలు దీనిలో నెగ్గుతాయని చూపించాడు. తర్వాత ఒక ఆసియా ఏనుగు కూడా నెగ్గింది.

మరి మెదడులో "నేను" గది ఎక్కడ?

మెదడు బరువు సుమారు 1.4 కిలోలు. నాడీకణాలు దాదాపు 8,600 కోట్లు. శరీరం బరువులో రెండు శాతమే ఉన్నా, విశ్రాంతిగా ఉన్నప్పుడు శరీరం వాడే శక్తిలో అయిదో వంతు దీనికే కావాలి. దీనిలో చూపుకు ఒక చోటు ఉంది. వినికిడికి, కదలికకు చోట్లున్నాయి. "నేను" కూర్చునే కుర్చీ మాత్రం ఒక్కటీ దొరకలేదు.

దీనిని అర్థం చేసుకోవడానికి మన ఊరి వారపు సంతను తలుచుకోండి. కూరగాయల గంపలున్నాయి. ఎండుచేపలు, కుండలు, గాజులు ఉన్నాయి. బేరాలు, కేకలు, తగాదాలు ఉన్నాయి. వీటన్నిటినీ పక్కకు తీసి, "ఇప్పుడు సంతను చూపించు" అంటే ఏమి చూపిస్తారు? సంత అన్న వస్తువు విడిగా లేదు. అయితే సంత అబద్ధమా? కాదు. అక్కడ ధరలు తేలుతాయి, కుటుంబాలు బతుకుతాయి. పొద్దుగూకితే సంత లేదు. వచ్చే వారం అదే పేరుతో మళ్ళీ ఉంటుంది. గంపలు మారతాయి, మనుషులు మారతారు, సంత మాత్రం మారనట్టే కనిపిస్తుంది. "నేను" కూడా అటువంటిదని నేడు చాలామంది శాస్త్రజ్ఞులు అనుకుంటారు. శరీరపు వార్తలు, జ్ఞాపకాలు, కోరికలు, గుమాస్తా రాతలు కలిసి జరుపుతున్న పని అది. వస్తువు కాదు. గాఢ నిద్రలో సంత ఎత్తేస్తారు, మెలకువ రాగానే మళ్ళీ కూడుతుంది.

ఇంతవరకు బాగానే ఉంది. అయితే నాడీకణాలలో విద్యుత్ సంకేతాలు పోతే, ఎరుపు "ఎర్రగా" అనిపించడం, నొప్పి "నొప్పిగా" ఉండడం ఎందుకు? ఈ అనుభవం ఎలా పుడుతుందన్నది ఇంకా తేలలేదు. 1998లో కోక్ అనే నాడీ శాస్త్రజ్ఞుడు, పాతికేళ్ళలో దీని గుట్టు తేలిపోతుందని చామర్స్ అనే తత్వవేత్తతో పందెం కాశాడు. 2023లో న్యూయార్క్‌లో అందరి ముందు ఓటమి ఒప్పుకుని పందెం చెల్లించాడు. మీలో ఎవరైనా పెద్దయ్యాక దీని మీద పని చేయవచ్చు. చోటు ఖాళీగానే ఉంది!

దీనితో మీకేమి పని?

"ఇదంతా తెలుసుకుంటే మార్కులు వస్తాయా?" అని మీలో ఒకరు అడుగుతారని నాకు తెలుసు. వస్తాయి. ఎలాగో చూడండి.

పరీక్ష ముందు పాఠాన్ని నాలుగుసార్లు చదువుతారు. "నాకు వచ్చేసింది" అనిపిస్తుంది. ఆ "అనిపించడం" కూడా సాక్షి మాటే. అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే వారు 2006లో దీన్ని సరిచూశారు. కొందరు విద్యార్థులు ఒక పాఠాన్ని నాలుగుసార్లు చదివారు. మరికొందరు ఒకసారి చదివి, పుస్తకం మూసి, గుర్తున్నది మూడుసార్లు రాశారు. బాగా గుర్తుంటుందని ఎక్కువ ధీమాగా చెప్పింది నాలుగుసార్లు చదివినవారే. వారం తర్వాత చూస్తే వారికి గుర్తున్నది సుమారు 40 శాతం. పుస్తకం మూసి రాసినవారికి 61 శాతం! కాబట్టి మీకు పాఠం వచ్చిందో లేదో మీ మనసును అడగకండి. పుస్తకం మూసి, తెల్ల కాగితాన్ని అడగండి.

రెండవది దీనికంటే ముఖ్యం. లెక్క తప్పిన రోజున, మార్కులు తగ్గిన రోజున లోపల ఒక మాట వినిపిస్తుంది: "నేను లెక్కల్లో మొద్దును. నేను పనికిరాను." ముప్పై ఏళ్ళుగా పిల్లల మధ్య ఉన్నవాడిగా చెబుతున్నాను. ఈ మాట వినిపించని పిల్లవాడిని నేను చూడలేదు, మొదటి ర్యాంకు వాడితో సహా. తేడా అంతా దాన్ని ఏమని నమ్మారన్న దానిలోనే ఉంది. ఇప్పుడు మీరు నేర్చుకున్నదానితో దాన్ని పరీక్షించండి. అది మీరు పిలిస్తే వచ్చిందా? లేదు, పిలవని చుట్టం. దాని కారణం ఎవరు రాశారు? గుమాస్తా. ఒక్క తప్పు లెక్క కాగితం చూసి మొత్తం పద్దు నింపేశాడు. ఏ "నేను" గురించి రాశాడు? రోజూ కొత్తగా కూడే సంత గురించి.

కాబట్టి ఆధారాలు తెప్పించండి. తప్పిన లెక్కలు ముందు పెట్టుకోండి. తప్పులు ఎక్కడ? భిన్నాల కూడికలోనా, గుర్తులు మార్చడంలోనా, తొందరలోనా? పదింటిలో ఏడు గుర్తుల దగ్గరే తప్పాయని తేలితే, "నేను మొద్దును" అన్న వాక్యం కొట్టేసి, "నేను గుర్తులు మార్చేటప్పుడు తప్పు చేస్తున్నాను" అని రాయండి. మొదటి వాక్యానికి మందు లేదు. రెండో దానికి వారం రోజుల అభ్యాసం చాలు.

భయమో దుఃఖమో కలిగినప్పుడు దానికి పేరు పెట్టడం కూడా మంచిదే. ఫొటోలోని ముఖంలో కనిపించే కోపం, భయం వంటి భావానికి మాటల్లో పేరు పెట్టడం వల్ల, చూసేవారి మెదడులో భయానికి సంబంధించిన అమిగ్డాల అనే భాగం చురుకు కొంత తగ్గుతుందని 2007లో లీబర్‌మన్ బృందం చూపించింది. అయితే ఒక హెచ్చరిక. అంతఃపరిశీలన అంటే ఒకే దిగులును పదేపదే నెమరు వేయడం కాదు. అలా చేస్తే దిగులు పెరుగుతుంది. ఏ ఆలోచనైనా రోజుల తరబడి వదలకుండా బాధ పెడుతుంటే ఒంటరిగా ఉండకండి. అమ్మానాన్నలకో, నమ్మకమున్న మాస్టారికో, వైద్యునికో చెప్పండి. సాక్షి ఒక్కడే ఉన్న కేసులో రెండో మనిషి మాట ఎంతో విలువైనది.

చేసి చూడండి

ఒక చిన్న నోటుపుస్తకం తీసుకుని వారం రోజులు ఈ పని చేయండి.

1. రోజూ ఐదు నిమిషాల ఊపిరి లెక్క చేసి, చుక్కల సంఖ్య రాయండి. గ్రాఫు గీయండి. తగ్గకపోతే దిగులు వద్దు. గీసిన దాన్ని దాచకుండా రాయడమే శాస్త్రం.

2. రోజులో గట్టిగా నమ్మిన ఒక ఆలోచనను ఉన్నదున్నట్టు రాయండి. పక్కన రెండు గడులు గీసి, ఒక దానిలో దానికి ఆధారాలు, మరో దానిలో దానికి ఎదురు ఆధారాలు రాయండి.

3. చదివిన పాఠం ఎంత శాతం వచ్చిందో ముందుగా అంచనా వేయండి. పుస్తకం మూసి రాసి, సరిచూసి, అసలు శాతం పక్కన రాయండి. రెండింటికీ తేడా ఎంత?

ఆలోచించండి

కలలో "ఇది కల" అని తెలియదు, అయినా భయం వేస్తుంది. అక్కడ ఆలోచన ఉందా? ఎరుక ఉందా? "నేను" ఉన్నానా? తెల్లవారి మీ మిత్రుడితో వాదించి, ఇద్దరి జవాబులూ విడివిడిగా రాసుకోండి.